గుమ్మం వైపు తిరిగిన టీవీలు

మక్తల్‌లో కేబుల్ కనెక్షన్లు ఇచ్చే ఖుద్దూస్‌కు ఒకటే పట్టింపు: టీవీ ముఖం వీధి గుమ్మం వైపే ఉండాలి. కాదంటే వైరు చుట్ట భుజాన వేసుకుని వెళ్లిపోయేవాడు. అప్పుడు తొంభై మూడో సంవత్సరం. దూరదర్శన్ తప్ప మరొకటి ఎరగని ఊరికి తొమ్మిది ఛానళ్లు తెచ్చినవాడు అతనొక్కడే. అందుకని అందరూ గొణుక్కుంటూనే టీవీలు తిప్పేవారు.

"సిగ్నల్‌కు గాలి తగలాలె. మూలకు పెడితే దమ్మాడదు" అనేవాడు.

వడ్ల వ్యాపారి గుర్వయ్య ఒక్కడే ఎదురు తిరిగాడు. ఆయన ఇంట్లో టీవీ తిప్పాలంటే బీరువా జరపాలి, బీరువా జరిపితే మంచం బయటికి పోవాలి.

"టీవీ నాది, ఇల్లు నాది. నీకేంది?"

"సిగ్నల్ నాది సేఠ్."

మంచం వసారాలోకి పోయింది. బీరన్న ఇంట్లోనైతే ఆయన మేకలు గడప మీద కాళ్లు పెట్టి వార్తలు చూసేవి. "వీటికి గూడ కనెక్షన్ కావాల్నట" అని బీరన్న కనబడిన వాళ్లందరికీ చెప్పుకునేవాడు.

నల్గొండ నుంచి బదిలీ మీద వచ్చిన సైన్సు టీచర్ మంజులతకు ఇది కొరుకుడు పడలేదు. వైరులో వచ్చే బొమ్మకు గాలితో ఏం పని? ఒక ఆదివారం తన టీవీని నాలుగు దిక్కులకూ తిప్పి చూసింది. చివరికి గోడకేసి తిప్పి, అద్దంలో చూసింది. అక్షరాలు తిరగబడ్డాయి గానీ బొమ్మ చెక్కుచెదరలేదు.

ఖుద్దూస్‌ను పిలిచి అడిగితే, "ఇయ్యాల గాలి మంచిగున్నది టీచరమ్మా. దినాము గిట్లనే ఉంటదా?" అన్నాడు.

ఆమె టీవీని మూలకే ఉంచింది. మర్నాడు వైరు చూడాలంటూ వచ్చి అతను గుమ్మానికి తిప్పాడు. ఆమె మళ్లీ మూలకు తిప్పింది. వారంలో ఇలా మూడుసార్లు జరిగింది.

ఇదంతా వ్యాపార తంత్రమని మంజులత తేల్చుకుంది. దారిన పోయేవాళ్లు ఆగి చూస్తారు, ఆశ పుడుతుంది, కనెక్షన్ అడుగుతారు. ఎనిమిది ఇళ్లతో మొదలుపెట్టినవాడు ఏడాదిలో నూట ఇరవైకి చేరింది అలాగే మరి. అయినా ఒక అనుమానం పీడించింది. తన ఇల్లు గల్లీకి చిట్టచివర ఉంది. అటు పోయేవాళ్లే లేరు. మరి ఇక్కడ ఎవరికి ఆశ పెట్టాలని?

ఆ సాయంత్రం తాళం తీస్తుంటే ఎదురింటి కిటికీలోంచి పిలుపు వినిపించింది. ఇక్బాల్ బీ. కాలు విరిగి రెండేళ్లుగా మంచం దిగని ముసలామె.

"బిడ్డా, నీ టీవీ మల్ల మూలకు తిరిగింది. సీరియల్ల చిన్నకోడలు ఇంటికొచ్చిందో లేదో తెల్వకపాయె."

"గంత దూరం మాటలు వినబడ్తయా అమ్మా?"

"వినబడకుంటేంది? మాటలు నేనే పెట్టుకుంట. వాళ్లకంటె మంచిగ మాట్లాడిపిస్త."

మంజులత నవ్వు ఆపుకుంది. "నా టీవీ అక్కడికి కనబడ్తదని ఎవరు చెప్పిన్రు?"

"ఖుద్దూసే. నీకు వైరు గుంజకముందే వచ్చి, నా మంచం మీద పండుకోని, ఒక కన్ను మూసి నీ గుమ్మం దిక్కు చూసిండు. మంచం జానెడు జరిపి, ఇగ మంచిగ కనబడ్తది ఖాలా అన్నడు."

మంజులత ఇంట్లోకి వెళ్లి టీవీ తిప్పింది. తర్వాత ఊరంతా ఒక చుట్టు తిరిగి వచ్చింది. గుర్వయ్య గుమ్మానికి ఎదురుగా, నడవలేని లింగస్వామి చెప్పులు కుడుతూ తెర వైపు చూస్తున్నాడు. బీరన్న మేకల వెనకనుంచి, దుకాణం వదిలి కదల్లేని గాజుల సాలమ్మ మెడ సాచి చూస్తోంది.

వారం తర్వాత గుర్వయ్య ఆమెను బజారులో ఆపాడు. పక్కనే నిచ్చెన మీద ఖుద్దూస్ వైరు బిగిస్తున్నాడు.

"టీచరమ్మా, మీరు సైన్సు చదివిన్రు. నిజం చెప్పున్రి. టీవీ గుమ్మం దిక్కే ఉండాల్నా?"

నిచ్చెన మీద చప్పుడు ఆగిపోయింది.

"ఉండాలె" అంది మంజులత తడుముకోకుండా. "సౌండు గూడ జర పెద్దగ పెట్టాలె. లేకుంటే లోపలి స్పీకరు ఖరాబైతది."

గుర్వయ్య గాభరాగా ఇంటి దారి పట్టాడు. ఖుద్దూస్ నోట్లోని మేకులు చేతిలోకి ఉమ్మి, కిందికి వంగాడు.

"గీ స్పీకరు సంగతి నాకు తెల్వదు టీచరమ్మా. నిజమేనా?"