ఇంకు డబ్బా

మొన్న బాబాను కూతురింటి నుంచి తీసుకురావడానికి అబూ హలీఫా వైపు కారు నడుపుతుంటే, వెనక సీట్లో ఆయన కొడుకు ఫోన్‌లో ఒక ప్రకటన పెట్టాడు. ఉరుములాంటి సంగీతం, దాని మీద ఒక బొంగురు గొంతు. తుపాకిలో పెట్టే కొత్త కాట్రిజ్ వచ్చిందట, ఇంకా దూరం పోతుందట, ఇంకా వేగమట, భుజానికి మాత్రం దెబ్బే తెలియదట. నాకు నవ్వాగలేదు. అద్దంలో చూస్తే అతనూ నవ్వుతున్నాడు. "ఇంకు డబ్బా," అన్నాడు. మా ఇద్దరికీ ఆ ఒక్క మాట చాలు.

బాబా అంటే నా కఫీల్, నాకు వీసా ఇచ్చి డ్రైవరుగా పెట్టుకున్న అరబ్బు యజమాని. ఇంట్లో పనివాళ్ళమంతా అలాగే పిలుస్తాం. కొన్నేళ్ళ కిందట ఆయన శనివారం వచ్చిందంటే తన తండ్రి ఇచ్చిన జంట గొట్టాల తుపాకి తీసుకుని షూటింగ్ మైదానానికి బయల్దేరేవాడు. అక్కడ మట్టి పళ్ళాలు గాల్లోకి ఎగరేస్తారు, వాటిని పగలగొట్టాలి. ఎడారి గాలి, కాలిన మందు వాసన, నా థర్మాస్‌లో ఏలకుల చాయ్, ఆ మూడూ కలిస్తేనే నాకు శనివారం. బాబా సగం కొట్టేవాడు, సగం వదిలేవాడు, రెండింటికీ సమానంగా సంతోషించేవాడు. కొడుక్కే ఓర్పు లేదు. కొత్త కాట్రిజ్ వాడితే ఒక్కటీ తప్పదని ప్రకటనలు చూపిస్తూ చెవిలో జోరీగలా పోరేవాడు. నాకేమో మా రాయచోటి దగ్గర మైకు కట్టుకుని తిరిగే వేరుశనగ విత్తనాల జీపు గుర్తొచ్చేది. ఏడాదికో కొత్త రకం, ప్రతి రకానికీ ఇల్లు నిండా మూటలేనట. వాన సంగతి మాత్రం మైకులో వినపడదు. బాబాకూ నాలాగే ప్రకటనల మీద నమ్మకం లేదు. "పళ్ళెం పాతదే, గాలి పాతదే, నా కన్ను ఇంకా పాతది. కాట్రిజ్ ఒక్కటి కొత్తదైతే ఏమొస్తుంది?" అనేవాడు, సగం అరబ్బీలో, నా కోసం సగం హిందీలో. కానీ కన్నకొడుకు పోరు కదా, చివరికి ఒక్కసారికి సరేనన్నాడు.

తీరా మైదానం దగ్గర దిగాక కొడుకు నాలుక కరుచుకున్నాడు. కొత్త పెట్టె అమ్ఘరాలోని వాళ్ళ ఆఫీసులో మరిచిపోయాడట. "యల్లా, కొత్త కాట్రిజ్ తీసుకురా," అని నన్ను తరిమాడు. ఆఫీసులో స్టోరు చూసుకునే కడప అన్నను అడిగాను. "కొత్త కాట్రిజ్ గదా? నిన్ననే వచ్చిండాది, తీస్కపో," అని ఒక పెట్టె చేతిలో పెట్టాడు. బరువు తక్కువనిపించింది. కొత్త రకం, తేలిగ్గానే ఉంటుందిలే అనుకున్నాను. విని విని ఆ ప్రకటనలు నా తలకూ ఎక్కాయన్నమాట. మైదానంలో కొడుకు పెట్టె విప్పితే, ప్రింటరుకు పెట్టే నల్ల ఇంకు కాట్రిజ్! దాని మీదా రాసుంది: ఇప్పుడు ఇంకా ఎక్కువ పేజీలు. బాబా కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వి, పాత కాట్రిజ్‌లతోనే ఆట కానిచ్చాడు. కొడుకు మొహం మాత్రం కందగడ్డయింది. ఇక ఇక్కడ ఉండనిచ్చే నా ఇఖామా కార్డుకు నీళ్ళొదులుకోవడమే అనుకున్నాను.

మర్నాడు అసలు పెట్టె ఇంటికొచ్చింది. బాబా మగవాళ్ళు కూర్చునే దివానియా గదిలో తీరిగ్గా కూర్చుని పాత కాట్రిజ్ పక్కన కొత్తది నిలబెట్టాడు. కొత్తది వేలిగోరంత ఎక్కువ పొడుగుంది. ఆయన మొహంలో నవ్వు పోయింది. గొట్టం మీద చెక్కిన కొలతను వేలితో తడిమి, కొడుకును పిలిచి చూపించాడు. అది లోపలికి దూరుతుంది, తుపాకి మూసుకుంటుంది కూడా. కానీ పేలినప్పుడు దాని మూతి విచ్చుకోవడానికి ఆ పాత తుపాకిలో చోటు లేదు. ఆ ఒత్తిడికి గొట్టం పగిలిందంటే దెబ్బ తగిలేది తుపాకికి ఆనించిన చెంపకే. అంత మోత మోగించిన ప్రకటనలో ఈ ముక్క ఒక్కటే లేదు. కొడుకు తండ్రి చెంప వైపు చూసి, ఆయన చెయ్యి పట్టుకుని కూర్చుండిపోయాడు. "ఖలాస్," అన్నాడు బాబా, పెట్టె మూసేస్తూ. నేను గడప దగ్గరే కూర్చున్నాను. అల్హందులిల్లా అన్నది నా నోరేనని కాసేపటికి గానీ తెలియలేదు. గుండెల మీంచి బండ దించినట్టయింది. తర్వాత ఈ సంగతి చెబితే కడప అన్న ఒకటే నవ్వు. "ఇంగ మీదట ఏం గావాల్సినా నన్నే అడుగప్పా, తప్పుగానే ఇస్తా," అన్నాడు.

మొన్న అబూ హలీఫా చేరేసరికి కూతురింటి ముందు బాబా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఒళ్ళో మనవరాలు ఆయన చెంప పట్టుకుని రెండు వేళ్ళతో లాగుతోంది. ఆ చెంప నిండా ఇప్పుడు ముడతలే. తొందరేమీ లేకుండా, ఒక్కొక్క గీతే గీసుకోవడానికి కాలానికి ఆ చెంప మిగిలింది, అంతే చాలు.