మాస్టారి చప్పట

బెల్లం కొట్లో పెరిగినవాడు ఒట్టేస్తే ఎవరు నమ్ముతారు చెప్పండి... నేనైతే నమ్మను. గుళ్ళో దణ్ణం పెట్టుకుంటూ కూడా దేవుడితో బేరమాడే రకం నేను. అయినా ఈ ఒక్క రాత్రి సంగతిలో గోరంత కూడా కలపలేదు.

మా రికార్డింగు మాస్టారు పోయి అప్పటికి ఏడాదైంది. కె. కోటపాడు నుంచి పాయకరావుపేట దాకా పొలాల వెంట తిరిగి, పాడే గొంతు కనబడితే చాలు, టేపులోకి ఎక్కించుకొచ్చిన మనిషి. అనకాపల్లిలో తన ఇంటి ముందు గదిలోనే మా అందరికీ పని నేర్పారు. రికార్డింగుకి ముందు ఒక్క చప్పట చరిచేవారు. ఇక ఎవరూ కదలకూడదు. టేపు ఊరికే తిరుగుతూ ఉండేది. దండగ కదా అని నేను గొణిగితే...

"దండగేట్రా బేరగాడా. పాట నిలబడాలంటే కింద నేలుండద్దేటి?" అనేవారు.

ఆ రాత్రి... అదే గది. మిషన్ మీద ఊడుపుల పాట టేపు. పాడింది చీడికాడ పైడమ్మ వాళ్ళమ్మ. ఆవిడ ఎప్పుడో పోయింది. ఫోటో కూడా లేదు. మిగిలింది ఆ గొంతొక్కటే. తెల్లారితే పైడమ్మ వినడానికి వస్తుంది.

పగలైతే ఓల్టేజీ ఊగుతుంది. అందుకే రాత్రి మొదలెట్టాను. వానకి తడిసి పాడైన టేపు అది. నడుస్తుంటే పైపొర పొడిలా రాలుతోంది. రెండోసారి నడవదు. ఈ ఒక్కసారిలోనే కంప్యూటర్‌లోకి పట్టుకోవాలి. నాతో పాటు మాస్టారి దగ్గర నేర్చుకున్న సలీం వరండాలో నిద్రపోతున్నాడు.

టేపు తిరుగుతోంది... స్పీకర్లో ఏమీ లేదు. చప్పట లేదు. పాట లేదు. పొడి మాత్రం రాలుతోంది... సన్నగా... కర్రుమంటూ.

నాలో బెల్లం కొట్టువాడు లేచాడు. ఈ ఖాళీ అంతా ఎందుకు అరగదీయడం? ఆపేసి, చేత్తో ముందుకు తిప్పేసుకుంటే పాట మిగులుతుంది కదా... బటన్ మీద వేలు పెట్టాను.

ఠప్...

వెనకాల. నా వీపు వెనకాల. ఒక్క చప్పట.

స్పీకర్ నా ముందుంది. వెనక మాస్టారి కుర్చీ తప్ప ఏమీ లేదు. తిరిగి చూడలేదు... చూడలేకపోయాను. వేలు అక్కడే బిగుసుకుపోయింది. టేపు తిరుగుతోంది. ఇప్పుడు వినబడింది... ఎక్కడో నీళ్ళలో అడుగులు. ఒక మనిషి ఊపిరి తీసుకోవడం.

ఆ వెంటనే పాట లేచింది. గదంతా నిండిపోయింది.

పాటయ్యాక మిషన్ ఆపాను. చక్రం ఆగీ ఆగకముందే టేపు అతుక్కుపోయి పుటుక్కున తెగింది. చూస్తూ కూలబడ్డాను. ఇందాక ఆపి ఉంటే...

సలీం కళ్ళు నులుముకుంటూ గుమ్మంలోకి వచ్చాడు.

"ఏటి బావా, ఈ ఏళప్పుడు సప్పట్లు కొడతన్నావు?"

నేను కొట్టలేదన్నాను. ఇద్దరం కంప్యూటర్‌లో వెతికాం. అడుగులున్నాయి. ఊపిరి ఉంది. పాట ఉంది. చప్పట లేదు.

పొద్దున్న పైడమ్మ వచ్చింది. పాట దాకా ఆగలేదు. ఊపిరి దగ్గరే నా చెయ్యి పట్టేసుకుంది.

"మాయమ్మే బాబూ. పాట ఎత్తే ముందు ఇలాగే ఊపిరి లాగేది."

ఆ వానల్లో చీడికాడ గట్టు మీద స్పీకర్ పెట్టాం. నడుం వంచి నాట్లేస్తున్న ఆడవాళ్ళు ఒక్కొక్కరే గొంతు కలిపారు. చివరికి చేనంతా పాడింది. సలీం, నేను గట్టు మీద చిన్నపిల్లల్లా ఎగిరాం. ఒకరి బురద ఒకరికి పూసుకున్నాం. మాస్టారి గదిలో ఆ నెలలోనే మళ్ళీ పాఠాలు మొదలెట్టాం. ఇప్పుడు అక్కడ నేనే పాఠం చెబుతున్నాను... నవ్వకండి.

ఆ రాత్రి బయట ఏ చెరకు లారీ టైరో పేలి ఉంటుందంటాడు సలీం. అయ్యుండొచ్చు. కాదని బేరమాడే ధైర్యం నాకు లేదు.

రికార్డింగుకి ముందు ఇప్పుడు నేనూ ఒక్క చప్పట చరుస్తాను. కదలకుండా నిలబడతాను... పిల్లలు గదిని వింటున్నాననుకుంటారు.

నేను వెనకాల ఇంకో చప్పట కోసం వింటుంటాను.