ఎర్రగా ఉందా, ఎర్రబడుతోందా?

మా కంపెనీ వెల్డర్ మల్లేశ్‌ది జగిత్యాల పక్క ఊరు. నిన్న ఇనుప రేకు తగిలి అతని పాదం తెగింది. ఈ రోజు పొద్దున, ఇక్కడ గల్ఫ్‌లో మేం పనిచేసే అల్ ఖూజ్‌లో క్లినిక్‌కి తీసుకెళ్లాను. డాక్టరమ్మ ఈజిప్టు ఆవిడ. ఆవిడ ఇంగ్లీషుకీ అతని తెలుగుకీ మధ్య నేనే దుబాసీ.

"కాలు ఎర్రగైతున్నది సార్," అన్నాడు మల్లేశ్. ఎర్రగా ఉందట అని చెప్పాను.

ఆవిడ కట్టు విప్పి, తలెత్తి నన్ను చూసింది. "ఎర్రగా ఉందా, ఎర్రబడుతోందా? సరిగ్గా అడగండి."

అడిగాను. "పొద్దుగాల లేవంగనే మడిమె కాడనే ఉండె. ఇప్పుడు మీదికెక్కుతున్నది," అన్నాడు.

అతను మొదటే చెప్పాడు. నేనే సగం మింగేశాను.

ఆవిడ ఎరుపు అంచున పెన్నుతో గీత గీసి, ఇంజెక్షన్ ఇచ్చింది. గంటసేపు ఆ గీతనే చూస్తూ కూర్చున్నాం. ఎరుపు ఆ గీతను దాటింది. మల్లేశ్ నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "కాలు తీసేస్తరా సార్?" అన్నాడు. ఆవిడ అప్పటికే అంబులెన్స్‌కి ఫోన్ చేస్తోంది.

అంబులెన్స్ కోసం ఎదురుచూస్తుంటే ఆవిడే మాట కలిపింది. "మా నాన్న ప్రాచీన ఈజిప్టు భాష బోధించేవారు. అందులో ఎరుపు క్రియాపదం. దెషెర్, అంటే ఎర్రబడడం. రూపం మారిస్తే, ఎర్రబడి ఉండడం. ఏ రూపమో తెలియకపోతే నేను మందు రాయలేను."

సాయంత్రం ఆసుపత్రి నుంచి కబురొచ్చింది. ఎరుపు ఆగిందట, కాలికి ప్రమాదం లేదట. ఆఫీసులో అందరి ఇంగ్లీషూ దిద్దే నేను, సాటి తెలుగువాడి క్రియాపదాన్ని వినిపించుకోలేదు. మీలో ఎవరైనా ఇలా ఒకరి మాటను సగం చేసి చెప్పారా?