ఏ దారిన, ఎన్ని గంటలకు

ప్రొద్దుటూరులో మా పాత బండ్ల క్లబ్బుకు ఇంటర్నెట్‌లో ఒక ఫోరం ఉండేది. దాన్ని నడిపేదాన్ని నేనే. బళ్లో లెక్కలు చెప్పే టీచరమ్మకు కార్లతో ఏం పని అని నవ్వినవాళ్లున్నారు. మా నాయన వదిలిపోయిన అంబాసిడర్‌ను నేనే విప్పి బిగించగలనని తెలిశాక నోళ్లు మూసుకున్నారు.

ఫోరంలో ఎప్పుడూ ఒకటే తగువు. అందులో రాసింది చేరినవాళ్లకే కనబడాలా, ఎవరు తెరిచినా కనబడాలా? నాది రెండో పక్షం. తెరిచిపెట్టబట్టే కదా, బళ్లారిలో ఎవరి షెడ్డులోనో మూలనపడ్డ కార్బురేటర్ మా జమ్మలమడుగు సభ్యుడి ఫియట్‌కు దొరికింది! తప్పు చేయనివాడికి దాపరికమెందుకని పెద్ద అక్షరాలతో రాశాను. బెంగళూరులో ఉద్యోగాలు చేసుకునే మా సభ్యులు శభాష్ అన్నారు. దాంతో నాకు ఇంకాస్త పొగరెక్కింది.

పులివెందుల దగ్గరి పల్లె నుంచి పాత జీపులో ఒక పెద్దాయన వచ్చేవాడు. భూములున్న కుటుంబం. ఫ్యాక్షన్ రోజుల్లో ఆయన అన్నను దారి కాచి చంపారు. ఆ తర్వాత కేసులు రాజీ అయ్యాయి. రెండు వర్గాలూ చెరో పార్టీ కండువా వేసుకుని పెళ్లిళ్లలో ఎదురుపడుతున్న కాలమది. అయినా ఆయన చెప్పిన వేళకు బయలుదేరడు, పోయిన దారిన తిరిగి రాడు. చాదస్తమనుకున్నాను.

ఒక ఆదివారం అందరం జమ్మలమడుగులో కలుసుకుని గండికోటకు పోవాలనుకున్నాం. ఎవరు ఎటునుంచి ఎప్పుడు వస్తారో అందరినీ అడిగాను. ఆయన చాలాసేపు నసిగి, “నీకని చెప్తాండామ్మా” అంటూ ఫోన్లో చెప్పాడు. నేను పట్టిక వేసి ఫోరంలో పెట్టేశాను. ఆయన జీపు ఫొటో, నంబరు కనబడేలా. కింద ‘పొద్దున ఆరుకు, ముద్దనూరు మీదుగా’ అని.

ఆదివారం అందరి బండ్లూ వచ్చాయి, ఆ జీపు తప్ప. ఎనిమిదైంది, తొమ్మిదైంది. ఫోన్ చేస్తే ఆపేసి ఉంది. నేను చేసిన పని అప్పుడు అర్థమైంది. దేవుడా, ఆయన్ను క్షేమంగా తీసుకురా అని పైకే ప్రార్థించాను.

పదింటికి బస్టాండు వైపు నుంచి నడిచి వచ్చాడు, తలకు తువ్వాలు చుట్టుకుని. ఎర్రగుంట్లకు పోయి, ఆడ బస్సు మారి వచ్చాడట.

“జీపు యాడన్నా?”

“ఇంట్లోనే ఉండాది. నువ్వు రాసింది మా కోడలు చూసి చెప్పింది. రాకపోతే నువ్వు భయపడతావని వచ్చినా.”

నాకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే వాదించాను కూడా, నా బుద్ధి అలాంటిది. “నాకే చెడ్డ ఉద్దేశమూ లేదన్నా. రోజులు మారినాయి కదా అనుకున్నా.”

“తెలుసులేమ్మా. మా అన్న ఏ దోవలో వస్తాండాడని టీ అంగట్లో అడిగితే చెప్పినోనికి గూడా చెడ్డ ఉద్దేశం ల్యాదు.”

“ఎవరు చెప్పినారన్నా అట్ల?”

“నేనే.”

నేను గండికోటకు పోలేదు. అక్కడే ఒక ఇంటర్నెట్ సెంటరులో కూర్చుని ఆ పట్టిక తీసేశాను, నంబర్లు కనబడే ఫొటోలన్నీ తీసేశాను. మర్నాటి నుంచి ఫోరం నిండా తిట్లే. నీ ఇష్టారాజ్యమా అన్నారు, ఫ్యాక్షన్ సినిమాలు ఎక్కువ చూస్తున్నావన్నారు. ఒక్క జవాబే రాశాను: “కార్బురేటర్ల సంగతి లోకమంతా చూడొచ్చు. మనుషుల రాకపోకలు ఈడ ఎవరూ రాయకూడదు. నేనున్నంత వరకు ఇంతే. నచ్చనివాళ్లు వెళ్లొచ్చు.”

తొమ్మిది మంది వెళ్లిపోయారు. నేను బతిమాలలేదు. పెద్దాయన మాత్రం క్లబ్బులోనే ఉన్నాడు, తర్వాత చాలాసార్లు వచ్చాడు. అయితే ఏ దారిన వస్తాడో, ఎప్పుడు వస్తాడో మళ్లీ ఎన్నడూ నాకు చెప్పలేదు. నేనూ అడగలేదు.