వాటర్ యాడిది?

కెమిస్ట్రీలో ఎన్ని ప్రశ్నలున్నా ఉరుకుందప్ప సార్‌కు నచ్చింది ఒక్కటే. "వాటర్ యాడిది?"

కర్నూలు కాలేజీలో ఆయన కెమిస్ట్రీ ప్రొఫెసర్. ఢాకా, కొలంబో, ఖాట్మండు, సదస్సు ఎక్కడ జరిగినా వెళ్లి వెనక వరుసలో కూర్చుంటారు. ప్రసంగం మధ్యలోనో చివరనో చెయ్యెత్తి ఇదే అడుగుతారు. అవతలి మనిషి మందుల గురించి చెప్పనీ, బ్యాటరీల గురించి చెప్పనీ, ఆ ప్రయోగంలో వాడిన నీళ్లు ఎక్కడివో ఈయనకు తేలాలి. మామూలుగా ఆయన ఇంగ్లీషు బాగానే ఉంటుంది. ఈ ప్రశ్న దగ్గరికొచ్చేసరికి మాత్రం అది ఆయన సొంతూరు ఆదోని స్టేషన్లోనే దిగిపోతుంది. దాంతో చుట్టుపక్కల దేశాల శాస్త్రవేత్తలకు వచ్చిన ఏకైక తెలుగు మాట "యాడ". ఆయన్ను "ప్రొఫెసర్ యాడ" అనే పిలుస్తారు. ఆయన పలుకుతారు కూడా.

ఈ మహానుభావుడి దగ్గరే పీహెచ్‌డీ చేసి, అదే కాలేజీలో లెక్చరరుగా చేరింది శివజ్యోతి. శివజ్యోతి దృష్టిలో శివజ్యోతి అంతర్జాతీయ స్థాయి మనిషి. రోజూ అద్దం ముందు నిలబడి విదేశీ యాసలో "థాంక్యూ ఫర్ దట్ వండర్‌ఫుల్ క్వశ్చన్" అని సాధన చేసేది. ప్రశ్నంటూ ఎవరైనా అడిగితే, అప్పుడు జవాబు సంగతి చూసుకోవచ్చని ఆమె ధీమా.

హైదరాబాదులో తన మొదటి ప్రసంగం అదరగొట్టానని ఆమె గట్టి నమ్మకం. చప్పట్ల కోసం చిరునవ్వుతో నిలబడితే, వెనక నుంచి ఆ చెయ్యి లేచింది.

"నీళ్లు యాడివమ్మా?"

"కొళాయివి సార్" అని చెప్పి దిగొచ్చింది. ఆ కోపం ఇంకా తగ్గలేదు.

పెద్దపెద్దవాళ్లు మాట్లాడేటప్పుడు సార్ హాయిగా కునుకు తీసేవారు. కుర్రవాళ్లు మాట్లాడితేనే చెయ్యెత్తేవారు. పెద్దవాళ్లను అడగాలంటే భయం, పాపం, అని శివజ్యోతి తేల్చేసింది. పరిశోధన చేసిన మనిషి కదా, తేల్చెయ్యడం అలవాటు.

ఈ ఏడాది సదస్సు కర్నూలుకే వచ్చింది. తాగేనీళ్లలో ఉండి ఎముకలు వంచేసే ఫ్లోరైడ్‌ను తీసెయ్యడానికి అయిదు దేశాలు కలిసి ఒక ప్రాజెక్టు మొదలుపెడుతున్నాయి. రాయలసీమ నుంచి అందులోకి ఒక్క కాలేజీనే తీసుకుంటారు. వేరుశనగ పొట్టు బొగ్గుతో ఫ్లోరైడ్‌ను పట్టేసే పద్ధతి శివజ్యోతి చేతిలో ఉంది. ఎంపిక మాత్రం శ్రీలంక ప్రొఫెసర్ నిలూకా చేతిలో ఉంది. ఆవిడ ముందర "యాడ" అని వినబడిందా, కాలేజీ పరువు తుంగభద్రలో కలిసినట్టే. అందుకని శివజ్యోతి ఒక ఉపాయం పన్నింది.

"అతిథులకు ఉగ్గాణి బజ్జీ పెడతాండాం సార్. రుచి తెలిసినోళ్లు మీరే. వంట కాడ మీరుంటే బాగుంటాది."

"నువ్వు మాట్లాడేదెప్పుడమ్మా?"

"అది శానా చిన్నది సార్. మీరు రాకున్నా ఏం కాదు."

"సరేలేమ్మా. బజ్జీలు సల్లారకుండా చూసుకుంటా" అన్నారు సార్.

తీరా వేదికెక్కి, విదేశీ యాసలో "గుడ్ మార్నింగ్" అంది శివజ్యోతి. ఆ తర్వాత మాట లేదు. అద్దంలో అయితే ఒక్క మొహమే ఉండేది, ఇక్కడ హాలు నిండా ఉన్నాయి. తెర మీద వెలుగుతున్న బొమ్మ తాను గీసిందేనా అని అనుమానం వచ్చింది. నిలూకా పెన్ను పక్కన పెట్టేశారు. అధ్యక్షుడు గడియారం చూసుకున్నాడు. ఇక దిగిపోదామని శివజ్యోతి కాగితాలు సర్దుకుంది.

వెనక తలుపు దగ్గర ఒక చెయ్యి లేచింది. వేళ్లకు శనగపిండి అంటుకుని ఉంది.

"నీళ్లు యాడివమ్మా?"

హాలంతా నవ్వింది. శివజ్యోతికి ఒళ్లు మండింది. ఆ మంటలోనే నోరు కూడా లేచింది.

"మా అమ్మమ్మోళ్ల ఊరివి సార్. ఓర్వకల్లు కాడ."

"ఎట్లుంటాయి?"

"చూసేదానికి తేటగా ఉంటాయి సార్. అవి తాగే మా అమ్మమ్మ నడుము వంగిపోయినాది. తలెత్తి నా మొహం చూడల్లన్నా ఆయమ్మకు కష్టమే."

నవ్వులు ఆగిపోయాయి. అక్కడి నుంచి మాట ఇంగ్లీషులోకి ఎప్పుడు మళ్లిందో ఆమెకే తెలియదు. విదేశీ యాస ఏ దారిన పోయిందో కానీ, బొగ్గు కథంతా వరసగా వచ్చేసింది. నిలూకా మళ్లీ పెన్ను అందుకున్నారు.

భోజనాల దగ్గర ఆవిడే ఉగ్గాణి పళ్లెంతో వచ్చి, "మీ కాలేజీనే తీసుకుంటున్నాం" అన్నారు ఇంగ్లీషులో. తర్వాత నవ్వారు. "ఢాకాలో నా మొదటి ప్రసంగానికి నాకూ గొంతు పెగల్లేదు. ఆరోజు ఆయనే అడిగారు. తన నీళ్లు ఎక్కడివో తెలియని మనిషెవరు? అదొక్కటి చెప్పాక మిగతాదంతా గుర్తొచ్చింది. మా ప్రాజెక్టులో సగంమంది అలా మాట దొరికినవాళ్లే."

శివజ్యోతికి సిగ్గేసింది. సార్ మీద ఎక్కడలేని ప్రేమా పుట్టుకొచ్చింది. బజ్జీల బేసిన్ దగ్గరికి పరుగెత్తింది.

"తడబడేటోళ్లనే అడుగుతారంట గదా సార్!"

"తెలిసింది అడిగితే మనిషికి ధైర్యమొస్తాదమ్మా" అన్నారు సార్, గరిటె దించకుండానే.

శివజ్యోతి కళ్లు తుడుచుకుంది. అంతలోనే ఒక అనుమానం వచ్చి ఆగిపోయింది.

"మరి హైదరాబాదులో నన్నెందుకు అడిగినారు సార్? ఆపొద్దు నేను బ్రహ్మాండంగా మాట్లాడినా గదా?"

ఉరుకుందప్ప సార్ ఆమెను చూశారు. బేసిన్‌లోకి చూశారు.

"రెండు బజ్జీలు పెట్టుకోమ్మా" అన్నారు. "వేడిగా ఉండాయి."