మేస్త్రి కొన్న తలుపు

మా తలుపుల మేస్త్రి పోయాడని మంగళవారం పొద్దున ఆయన కొడుకు ఫోన్ చేశాడు. నగరిలో నా కొట్టు షట్టర్ సగం ఎత్తి అలాగే నిలబడిపోయాను. ఏడుపు రాలేదు, సిగ్గు వేసింది. ఆయన దగ్గర ఒప్పుకోవాల్సిన మాట ఒకటి నా దగ్గరే మిగిలిపోయింది.

ఇల్లు కట్టే సామాను అమ్మడం మొదలుపెట్టిన కొత్తలో ప్లైవుడ్డుకీ అట్టకీ తేడా తెలియదు నాకు. నేర్పింది ఆయనే. తలుపును బల్లమీద పడుకోబెట్టి, పైనుంచి కిందిదాకా వేలి కణుపుతో కొట్టుకుంటూ పోయేవాడు. ఒక్కచోట బోలుగా మోగినా పక్కన పడేసేవాడు. "కంటికి ఏం తెలుస్తాదబ్బా, సెవి పెట్టి సూడు" అనేవాడు. ఆయన షెడ్డులో చేసిన తలుపులు ఇటు పుత్తూరు, అటు తిరుత్తణి దాకా వెళ్లేవి.

అంతలో తలుపుల మీద ప్రభుత్వం కొత్త రూలు తెచ్చింది. ఏ రాష్ట్రంలో అమ్మినా ఒకటే పరీక్ష, ఒకటే ముద్ర. ముద్ర లేని తలుపు అమ్మకూడదు. మంచి రూలే, కాదనను. చిన్న షెడ్లకు మాత్రం ఇంకొంత గడువుందని వ్యాపారుల మీటింగులో చెప్పారు. నేను విన్నాను. అప్పటికే కొట్టు నిండా ముద్ర ఉన్న కంపెనీ తలుపులు దింపుకుని ఉన్నాను, అవి అమ్ముడుపోవాలి.

మేస్త్రి వచ్చి అడిగాడు. "ఏమబ్బా, మా మాదిరోళ్లకు ఏమన్నా దారి ఉండాదా?"

"అందరికీ ఒకటే రూలు మేస్త్రీ" అన్నాను. గడువు మాట మింగేశాను.

నమ్మాడు. పనివాళ్లను పంపేసి షెడ్డు మూసేశాడు. కొన్నాళ్లకు, తన ఇంటి వాకిలి తలుపుకు చెదలు పట్టిందని, కొత్తది కొనడానికి నా కొట్టుకే వచ్చాడు.

"నేను సేసుకుంటే ముద్ర ఉండదు గదబ్బా. ఈ వయసులో రూలు దప్పి మనకెందుకు?"

రూలు అమ్మకానికే, సొంత ఇంటికి కాదు. ఆ మాట చెబితే గడువు సంగతీ బయటపడుతుందని దాచాను. తలుపును ఆటో ఎక్కించాను. ఇంత నీచుణ్ని ఎలా అయ్యానో నాకే తెలియదు.

మంగళవారం ఆయన ఇంటికి వెళ్లేసరికి ఆ తలుపు బార్లా తీసి ఉంది. ముద్ర స్టిక్కరు ఇంకా దానిమీదే ఉంది.

"పీకబోతే తిట్టినాడన్నా" అన్నాడు కొడుకు. "ఎవురన్నా వచ్చి అడిగితే సూపించాలంట."

పాడె మీదికి ఆయన్ని బయటికి తెచ్చేటప్పుడు, అడ్డం రాకుండా తలుపు పట్టుకోమన్నారు నన్ను. పట్టుకున్నాను. స్టిక్కరు నా అరచేతి కిందే ఉంది.