గొంతు తగ్గించి చెప్పే షావుకారు

బరంపురంలో నాకు పిల్లల ఫ్రాకులు టోకున అమ్మే షావుకారు ఏ మాటైనా గొంతు తగ్గించి చెప్పేవాడు. టీ తాగుతారా అని అడిగినా రహస్యం అప్పగిస్తున్నట్టే ఉండేది. ఆడపిల్లలందరికీ కొత్త బట్టలు కొనే రజొ పండగకు ముందు ఒకసారి నన్ను పక్కకు లాగాడు.

"సూడండి బాబూ, ఈ సీతాకోకసిలక డిజైను మీ ఊరు పొలసరలో మీకొక్కరికే. పెద్ద బేలు ఎత్తండి, ఇంకో షాపుకి సూపించను."

అంతకన్నా పెద్ద లాభం ఏముంటుంది? వేరే సరుకేదీ కొనకుండా అదే తెచ్చాను. ఆ ఏడు నా పండగ బేరమంతా దాని మీదే.

ఊళ్లో బస్సు దిగేసరికి మా షాపుకి ఎదుటి దుకాణం గుమ్మానికి అవే ఫ్రాకులు వేలాడుతున్నాయి. వెంటనే ఫోన్ చేశాను.

"ఏటి బాబూ, ఆయనకి పసుపు, మీకు గులాబీ. రెండూ ఒకటెలాగవుతాయి?" అన్నాడు, అదే గొంతుతో.

ఊరంతా పసుపే కొంది. పండగనాడు ఆడపిల్లలందరూ పసుపు సీతాకోకచిలుకలతో ఉయ్యాలలూగారు. గులాబీ ఫ్రాకు వేసుకున్నది మా అమ్మాయి ఒక్కతే.

"నాన్నా, నాలాంటిది ఇంకెవ్వరికీ లేదు!" అని అది మురిసిపోయింది.

అది నవ్వింది కదా అని నేను షావుకారుని క్షమించలేదు.